జీతం అడిగితే సేవ తెలియనట్టేనా?

పోయిన నెల ఇదే పేజీలో ఎన్జీవో ఉద్యోగాల గురించి రెండు ముక్కలు రాసి, మీ సందేహాలు పంపమన్నాను. పంపారు, బాగానే పంపారు. సగానికి పైగా ఉత్తరాల్లో చివర "దయచేసి నా పేరు వేయొద్దు" అని ఉంది. ఈ రంగంలో జీతం మాట ఎత్తడానికి జనం ఎంత జంకుతారో దాన్నిబట్టే తెలిసిపోతోంది. అందుకని ఎవరి పేర్లూ వేయడం లేదు, ఎవరి మీదైనా ఫిర్యాదు ఉన్నచోట ఆ సంస్థ పేరు కూడా తీసేశాను.

ప్రశ్న: ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేశాను, 27 ఏళ్లు. రెండు ఎన్జీవోల నుంచి ఆఫర్లు వచ్చాయి. అనంతపురం జిల్లాలో ఒక మోస్తరు సంస్థ నెలకు 24 వేలు ఇస్తానంటోంది. హైదరాబాద్‌లో పెద్ద సంస్థ 32 వేలు అంటోంది, కాకపోతే కన్సల్టెంట్‌గా, 11 నెలల కాంట్రాక్టు. ఇంట్లో అందరూ 32 వేలే అంటున్నారు. రెండిటినీ ఎలా పోల్చుకోవాలి?
(కర్నూలు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందు మీ ఇంట్లోవాళ్లకి ఒక కాగితం, పెన్ను ఇవ్వండమ్మా. 32 ఎక్కువా 24 ఎక్కువా అంటే ఒకటో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు, కానీ ఇవి రెండూ ఒకే రకం అంకెలు కావు.

హైదరాబాద్ వాళ్లు మిమ్మల్ని ఉద్యోగిగా తీసుకోవడం లేదు, బయటి మనిషిగా తీసుకుంటున్నారు. నెలనెలా 10 శాతం, అంటే 3,200 టీడీఎస్ (ముందస్తు పన్ను) పట్టుకుని 28,800 చేతికిస్తారు. రిటర్న్ వేస్తే ఆ పట్టుకున్నది తిరిగొస్తుంది, మీ ఆదాయానికి పన్ను పడదు, కానీ వచ్చేదాకా మీ డబ్బు మీ దగ్గర ఉండదు. పీఎఫ్ లేదు, ఉద్యోగం వదిలేటప్పుడు సంస్థ ఇచ్చే గ్రాట్యుటీ లేదు. జ్వరమొచ్చి నాలుగు రోజులు పడుకుంటే డబ్బు కోస్తారో లేదో కాంట్రాక్టులో ఏం రాసుకున్నారో దాన్ని బట్టే. 27 ఏళ్లన్నారు కాబట్టి ఇంకో మాట కూడా చెప్పక తప్పదు, ఉద్యోగికైతే చట్ట ప్రకారం ప్రసూతి సెలవు 26 వారాలు, జీతంతో. కన్సల్టెంట్‌కి అదేమీ లేదు, స్వీట్లు తిని "కాన్పయ్యాక మళ్లీ కలుద్దాం" అంటారు.

ఇక అనంతపురం. 24 వేలలో బేసిక్ 15 వేలు అనుకుందాం. 12 శాతం లెక్కన మీ జీతంలోంచి 1,800 పీఎఫ్‌కి పోతుంది, సంస్థ తన వంతుగా ఇంకో 1,800 కడుతుంది. వృత్తి పన్ను 200. చేతికి 22 వేలు. కానీ పీఎఫ్, పెన్షన్ ఖాతాల్లో కలిపి నెలకు 3,600, ఏడాదికి 43,200 మీ పేరు మీద పడుతోంది. గ్రాట్యుటీ ఏడాదికి పదిహేను రోజుల జీతం, 15 వేల బేసిక్ మీద సుమారు 8,650. మామూలుగా అది అయిదేళ్లు చేస్తేనే వస్తుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో గడువు పెట్టి తీసుకున్న ఉద్యోగికి ఏడాది చేసినా ఇవ్వాలన్నారు. ఇవన్నీ కలిపితే అనంతపురం వాళ్లు మీ మీద పెడుతున్నది 24 వేలు కాదు, 26,500 చిల్లర. అంటే ఎనిమిది వేల తేడా అనుకున్నది అయిదున్నర వేలకి దిగింది. ఆ అయిదున్నర వేలలోంచి హైదరాబాద్ హాస్టల్ ఫీజు, బస్ పాసు, పండక్కి కర్నూలు రానూపోనూ ఛార్జీలు తీసెయ్యండి.

ఒక మెలిక ఉంది. ఇరవై మంది కంటే తక్కువ ఉన్న సంస్థకి పీఎఫ్ తప్పనిసరి కాదు, పది మందికి తక్కువైతే గ్రాట్యుటీ కూడా. కాబట్టి "మీకు ఈపీఎఫ్ కోడ్ నంబరు ఉందా" అని నోరు తెరిచి అడగండి. ఈఎస్ఐ ఆరోగ్య బీమా 21 వేల జీతం దాకానే వర్తిస్తుంది, మీ జీతం దాటింది, కనుక గ్రూపు ఇన్సూరెన్స్ ఉందేమో అడగాలి.

ఇంకో ప్రశ్న, నాకైతే జీతం కన్నా ఇదే ముఖ్యం: మీ పోస్టు ఏ ప్రాజెక్టు డబ్బు మీద నిలబడి ఉంది, ఆ ప్రాజెక్టు ఎప్పటిదాకా? ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి వస్తుందంటే ఎన్జీవోల్లో ఎంతమందికి నిద్ర పట్టదో లోపల పనిచేసినవాళ్లకే తెలుసు. విదేశీ డబ్బు అయితే, అది తీసుకోవడానికి కావాల్సిన ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి రెన్యువల్ కావాలి, వాళ్లది ఏ సంవత్సరంతో అయిపోతుందో కనుక్కోండి.

నన్నడిగితే అనంతపురం. కానీ హైదరాబాద్ వాళ్ల పని మీద మీకు నిజంగా మనసుంటే వాళ్లతో బేరం ఆడండి, జీతం పెంచమని కాదు, ఉద్యోగిగా తీసుకోమని. తొమ్మిదింటికి వచ్చి ఆరింటికి వెళ్తూ, వాళ్ల ల్యాప్‌టాప్ మీద, వాళ్ల మేనేజరు చెప్పిన పని చేసే మనిషి కన్సల్టెంట్ ఎలా అవుతుంది?

ప్రశ్న: నేను బ్యాంకులో రిటైరయ్యాను. ఏటా ఒక సేవా సంస్థకి యాభై వేలు ఇస్తున్నాను. దాని సీఈవో జీతం నెలకు రెండున్నర లక్షలని ఈ మధ్యే తెలిసింది. ఇదేం సేవండీ? వచ్చే ఏడాది నుంచి మానేద్దామనుకుంటున్నాను.
(తెనాలి నుంచి)

జవాబు: మానేసే ముందు ఒక్క నిమిషం ఆగండి సార్. రెండున్నర లక్షలు ఎక్కువా తక్కువా అన్నది ఆ ఒక్క అంకె చూసి చెప్పలేం, బ్యాంకులో ఉన్నవారు, బ్యాలెన్స్ షీటు చూడకుండా లోను ఇచ్చేవారా మీరు?

ఏడాదికి 30 లక్షలు. సంస్థ ఖర్చు 40 కోట్లయితే అది ముప్పావు శాతం. సంస్థ మొత్తం ఖర్చే కోటి రూపాయలైతే 30 శాతం, అప్పుడు మీరు కోప్పడొచ్చు, నేనూ మీతో కలిసి కోప్పడతాను. రెండోది, అదే సంస్థలో అందరికన్నా తక్కువ జీతం ఎంత? ఊళ్లో తిరిగే కార్యకర్తకి పన్నెండున్నర వేలు ఇస్తూ పైన రెండున్నర లక్షలు తీసుకుంటే ఇరవై రెట్లు. అదే కింద పాతిక వేలు ఇస్తుంటే పది రెట్లు. నా చూపు ఎప్పుడూ ముందు కింది అంకె మీదికి పోతుంది. పై జీతం చూసి గొడవ చేసేవాళ్లు బోలెడు మంది, కింది జీతం ఎంతని అడిగిన దాతని నేను ఇన్నేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందినే చూశాను.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయంటారా? క్రెడిబిలిటీ అలయన్స్ అని మన దేశంలో ఎన్జీవోలే కలిసి పెట్టుకున్న ఒక కూటమి ఉంది. దాని నిబంధనలు పాటించే సంస్థ వార్షిక నివేదికలో సంస్థ అధిపతి జీతం, ఎక్కువ తీసుకునే ముగ్గురి జీతాలు, అందరికన్నా తక్కువ తీసుకునే మనిషి జీతం చెప్పాలి. బోర్డు సభ్యులకి ఏమైనా ముట్టజెబుతుంటే అదీ రాయాలి. దాంతో పాటు చిన్న పట్టిక, జీతాల మెట్లు ఒక పక్క, ఏ మెట్టు మీద మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు అని ఇంకో పక్క. నివేదికలో ముందు పేజీలన్నీ నవ్వుతున్న పిల్లల ఫొటోలే ఉంటాయి, వాటిని దాటుకుని చివరికి పోతే ఆ పట్టిక కనపడుతుంది. మీ సంస్థ నివేదిక తెప్పించుకోండి. పట్టిక లేకపోతే ఒక ఉత్తరం రాసి అడగండి. యాభై వేలు ఇచ్చే దాత అడిగితే సమాధానం చెప్పని సంస్థకైతే మానేయండి, నాకు అభ్యంతరం లేదు.

ఇంకోటి, దాతలు చాలామంది "మా సంస్థ ఆఫీసు ఖర్చు అయిదు శాతమే" అన్న మాటకి పడిపోతారు. 2020లో ఎఫ్‌సీఆర్ఏ చట్టం సవరించి, విదేశీ నిధుల్లో పరిపాలన ఖర్చు 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. ఆస్పత్రిలో డాక్టరు జీతం, బడిలో టీచరు జీతం ఆ లెక్కలోకి రావు, అవి సేవ కిందే. కానీ డైరెక్టరు, అకౌంటెంటు, ఆఫీసు అద్దె వస్తాయి. దాంతో ఏమైంది? ఆస్పత్రి నడిపే సంస్థకి ఇబ్బంది లేదు, హక్కుల గురించీ భూముల గురించీ పనిచేసే సంస్థకి మాత్రం ఊపిరాడలేదు. కాబట్టి రెండు సంస్థల పరిపాలన ఖర్చు పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ముందు అవి ఏం పని చేస్తున్నాయో చూడాలి. అదే సవరణలో ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకి ఇవ్వడం కూడా ఆపేశారు. పెద్ద సంస్థల దగ్గర్నుంచి డబ్బు తీసుకుని మండలాల్లో పనిచేసే చిన్నవాళ్ల జీతాలు అక్కడే తెగిపోయాయి. హైదరాబాద్ ఆఫీసు జీతానికీ ఊళ్లో జీతానికీ తేడా పెరగడానికి అదొక కారణమని నా నమ్మకం.

మీ సీఈవో ట్రస్టీ కూడా అయితే, లేక ట్రస్టీ బంధువైతే, ఆదాయపు పన్ను చట్టం ఇంకో మాట చెబుతుంది. చేసే పనికి తగినంత ఇవ్వొచ్చు, అంతకు మించితే సంస్థకున్న పన్ను మినహాయింపుకే ఎసరు. ఆ సంగతి ఆడిటర్‌కి బాగా తెలుసు.

ప్రశ్న: ఒక ఎన్జీవోలో అకౌంట్స్ చూస్తాను. మా నివేదికలో "మా సిబ్బందిలో 60 శాతం మహిళలే" అని పెద్ద అక్షరాలతో వేశారు. అబద్ధం కాదు. కానీ జీతాల షీటు తయారుచేసేది నేనే, నాకు ఎక్కడో గుచ్చుకుంటోంది. లెక్క పంపుతున్నాను, చూసి చెప్పండి.
(వరంగల్ నుంచి)

జవాబు: మీ లెక్క చూశాను. మొత్తం 84 మంది, 50 మంది ఆడవాళ్లు, 34 మంది మగవాళ్లు. నిజమే, దగ్గర దగ్గర 60 శాతం. ఇప్పుడు మీరు రాసిన మెట్లు పాఠకులకి చెబుతాను. పది వేల లోపు ఆడవాళ్లు 21, మగవాళ్లు ఇద్దరు. పది నుంచి పాతిక వేల మధ్య ఆడవాళ్లు 24, మగవాళ్లు 12. పాతిక నుంచి యాభై వేలు, ఆడవాళ్లు నలుగురు, మగవాళ్లు 13. యాభై నుంచి లక్ష, ఒక ఆవిడ, అయిదుగురు మగవాళ్లు. లక్ష దాటినవాళ్లు ఇద్దరు, ఇద్దరూ మగవాళ్లే.

అంటే పాతిక వేలు దాటిన మగవాళ్లు 34 మందిలో 20 మంది. ఆడవాళ్లు 50 మందిలో అయిదుగురు. మీకు గుచ్చుకున్నది ఇదే. ఆ 60 శాతంలో ఎక్కువమంది అంగన్‌వాడీ పక్కన ట్యూషన్ చెప్పేవాళ్లూ, గ్రామ కార్యకర్తలూ, వంట మనుషులూ అయ్యుంటారు, వాళ్లకి జీతం అనరు కూడా, "గౌరవ వేతనం" అంటారు. గౌరవం ఎక్కువ, వేతనం తక్కువ.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. పది మంది, ఆపైన పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం. దానికి అధ్యక్షురాలు పై హోదాలో ఉన్న మహిళే కావాలి, సభ్యుల్లో సగమైనా మహిళలు ఉండాలి, బయటి నుంచి ఒకరు ఉండాలి, ఏడాదిలో ఎన్ని ఫిర్యాదులొచ్చాయో నివేదికలో రాయాలి. మీ సంస్థలో ఆ కుర్చీలో ఎవరున్నారు? మీరు చెప్పకపోయినా చెప్పగలను, యాభై వేలు దాటిన ఆ ఒక్కావిడే. జెండర్ ట్రైనింగ్ ఆవిడే, మార్చి 8 మహిళా దినోత్సవం మీటింగు ఆవిడే, ఫండర్ వచ్చినప్పుడు ఫొటోలో మధ్యలో ఆవిడే. సంస్థలో పై స్థాయిలో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలియాలంటే ఆవిడ చేతిలో ఎన్ని పనులున్నాయో లెక్కపెడితే చాలు.

ఇక ఆ పట్టికలో లేనిది కులం. ఏ కుటుంబాల కోసం పనిచేస్తున్నారో ఆ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు ఏ మెట్టు మీద ఉన్నారు? ఉట్నూరులో, భద్రాచలం వైపు పనిచేసే సంస్థల్లో కోయ భాషో గోండీయో వచ్చిన మనిషి సాధారణంగా ఊళ్లో తిరిగే కార్యకర్త. రిపోర్టు రాసేవాడికి ఆ భాష రాదు, కానీ ఇంగ్లీషు వచ్చు కాబట్టి జీతం మూడు రెట్లు. దీన్ని "అర్హతల తేడా" అంటారు. అర్హత అంటే ఏమిటని ఎవరు నిర్ణయించారంటే, ఇంగ్లీషు వచ్చినవాళ్లే. వేరే రకంగా చేసి చూపించినవాళ్లు లేకపోలేదు. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్ల సంగం రేడియో 2008 నుంచి మాచునూరులో నడుస్తోంది, నడిపేది ఆ చుట్టుపక్కల దళిత రైతు స్త్రీలు. మైకు ముందు వాళ్లే, మిషను దగ్గరా వాళ్లే.

మీరేం చెయ్యొచ్చు? మీ బోర్డుకి సిద్ధాంతం చెప్పకండి, వినరు. నివేదిక డ్రాఫ్టులో "60 శాతం మహిళలు" అన్న వాక్యం కింద ఈ మెట్ల పట్టిక పెట్టి పంపండి, నిబంధనల ప్రకారం ఇది ఉండాలట సార్ అని. అకౌంటెంటు చేతిలో ఉన్న ఆయుధం అదే. తీసేయమంటే ఎవరు తీసేయమన్నారో మీకు తెలుస్తుంది కదా.

ప్రశ్న: ఇంటర్వ్యూలో జీతం ఎంతని అడిగాను. "మీకు సేవాభావం ఉందనుకున్నామే" అన్నారు. నేను తప్పు చేశానా?
(శ్రీకాకుళం నుంచి)

జవాబు: లేదు. ఆ మాట అన్నాయనకి నెల నెలా జీతం పడుతూనే ఉంటుంది.

ఇరవై అయిదేళ్ల కిందట నా మొదటి ఉద్యోగంలో నేను అడగలేదు. మూడు వేలకి వోచరు మీద సంతకం పెట్టించుకుని 2,200 చేతిలో పెట్టేవారు, మిగతా 800 "సంస్థకి మీ విరాళం" అని. రసీదు కూడా ఇచ్చేవారండీ, నీటుగా, నంబరు వేసి. ఎనిమిది నెలల రసీదులు మా అమ్మ బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి. ఫండర్‌కి నా జీతం మూడు వేలు, నాకు 2,200, సంస్థకి దాత ఒకరు పెరిగారు. ఈ పద్ధతి ఇప్పటికీ పోలేదని మీలో ముగ్గురు రాశారు. అందుకని జీతం ఎంతని మాత్రమే కాదు, బ్యాంకులో వేస్తారా, మొత్తం వేస్తారా అని కూడా అడగండి.

ప్రశ్న: మా సంస్థ పెట్టినాయన పెద్దవారయ్యారు. ఇప్పుడు కొడుకుని డైరెక్టరు చేశారు, కోడలు ఫైనాన్స్ చూస్తోంది. పదహారేళ్లుగా పనిచేస్తున్న మాలో ఎవరినీ అడగలేదు. ఇది చట్టవిరుద్ధం కాదా?
(ఖమ్మం జిల్లా నుంచి)

జవాబు: చాలావరకు చట్టవిరుద్ధం కాదు, బాధాకరం మాత్రం. సొసైటీ అయినా ట్రస్టు అయినా బైలాలో, అంటే సంస్థ నియమావళిలో, ఏముందో అదే రాజ్యాంగం. ముందు అది చదవండి, సొసైటీ అయితే రిజిస్ట్రార్ దగ్గర నకలు తీసుకోవచ్చు.

కుటుంబం ఉంటేనే చెడ్డదని నేను అనను. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును 1969లో మొదలుపెట్టిన విన్సెంట్ ఫెర్రర్ 2009లో పోయారు, ఆయన భార్య, కొడుకు ఆ పనిలోనే ఉన్నారు, ఆ జిల్లాలో వాళ్లని పరాయివాళ్లుగా చూసేవాడు నాకు తగల్లేదు. ఇంకో వైపు హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి చూడండి, 1987లో పెట్టిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు స్థాపకులుగా ఉంటూ పగ్గాలు అక్కడే పనిచేస్తున్న డాక్టర్ ప్రశాంత్ గర్గ్‌కి ఇచ్చారు. వారసుడు ఇంట్లోవాడా బయటివాడా అన్నదానికంటే, అతన్ని ప్రశ్నించగల బోర్డు ఉందా అన్నదే నేను చూస్తాను. ఇందాక చెప్పిన క్రెడిబిలిటీ అలయన్స్ నిబంధనల్లో ఇదీ ఉంది, బోర్డులో కనీసం మూడింట రెండు వంతుల మందికి ఒకరితో ఒకరికి రక్తసంబంధం గానీ పెళ్లి సంబంధం గానీ ఉండకూడదు. కొడుకు, కోడలు, మామ, ఆడిటర్‌గారి బావమరిది, అలా ఏడుగురిని లెక్కపెడితే ఎంతమంది మిగులుతారో చూడండి.

పదహారేళ్లు చేశారు కాబట్టి ఒక మాట. కోపంలో రాజీనామా రాయకండి. గ్రాట్యుటీ లెక్క, పీఎఫ్ పాస్‌బుక్కు, మిగిలిన సెలవులు అన్నీ కాగితం మీదికి తెచ్చుకున్నాక ఏం చేస్తారో మీ ఇష్టం.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడ నాన్‌ప్రాఫిట్లలో ఉద్యోగం వెతుక్కుంటోంది, మేం కూడా కొన్నిటికి విరాళాలు ఇస్తాం. ఇక్కడ వీటి జీతాలు అందరూ చూడొచ్చంటారు, నిజమేనా?
(ఒక తండ్రి)

జవాబు: నిజమే, ఈ విషయంలో మీరున్న చోటు చూసి నాకు అసూయ. అక్కడ పన్ను మినహాయింపు ఉన్న సంస్థలు ఏటా ఫారం 990 వేస్తాయి, అది బహిరంగం. ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ వాళ్ల నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్ వెబ్‌సైట్లో ఉచితంగా చూడొచ్చు. అందులో ఏడో భాగం తెరవండి. బోర్డు సభ్యులు, పై అధికారులు, లక్ష డాలర్లు దాటిన ఉద్యోగుల్లో అందరికన్నా ఎక్కువ తీసుకునే అయిదుగురు, పేర్లతో సహా ఉంటారు. చర్చిలకి ఇది వర్తించదు. ఏడాదికి యాభై వేల డాలర్ల లోపు వచ్చే చిన్నవాటికి ఒక పోస్టుకార్డంత ఫారమే, అందులో జీతాలుండవు.

చూసేటప్పుడు పప్పులో కాలేసే చోట్లు రెండు. మొత్తం జీతాలని ఉద్యోగుల సంఖ్యతో భాగిస్తే సగటు వస్తుంది కదా అనుకుంటారు. ఆ సంఖ్యలో ఏడాదిలో ఒక్క నెల పనిచేసి పోయినవాళ్లు, సాయంత్రం రెండు గంటలు వచ్చేవాళ్లు కూడా ఉంటారు, అందుకని వేసవి క్యాంపులు నడిపే సంస్థ సగటు చూసి కళ్లు తిరుగుతాయి. రెండోది, ఆస్పత్రుల లాంటి పెద్ద వ్యవస్థల్లో డైరెక్టరుకి ఈ సంస్థ ఇచ్చేది సున్నా అని ఉంటుంది, పక్క గడిలో అనుబంధ సంస్థ ఇచ్చేది లక్షల డాలర్లు ఉంటుంది. ఆ పక్క గడి చూడకుండా "ఆహా, ఉచితంగా చేస్తున్నాడు" అనకండి. పేరు పక్కనే వారానికి ఎన్ని గంటలో కూడా రాస్తారు, అదీ చూడండి. ఇంకో విషయం, గడువు పొడిగించుకునే వీలుంది కాబట్టి మీకు కనపడేది ఏడాది రెండేళ్ల కిందటి లెక్క.

అమ్మాయికి పనికొచ్చేది ఇంకోటి: 2025 జూన్ 1 నుంచి న్యూజెర్సీలో పదిమంది, ఆపైన ఉద్యోగులున్న యజమానులు ఉద్యోగ ప్రకటనలోనే జీతం ఎంత నుంచి ఎంత దాకా అన్నది వేయాలి. ఫారంలో పైవాళ్ల జీతం, ప్రకటనలో తన జీతం, పక్కపక్కన పెట్టుకోమనండి. జాతి, లింగ వివరాలు మాత్రం ఆ ఫారంలో ఉండవు, నాన్‌ప్రాఫిట్ల వివరాలు ఇచ్చే కాండిడ్ వెబ్‌సైట్లో కొన్ని సంస్థలు వాటంతట అవే పెడతాయి. పెట్టనివాళ్ల విషయంలో బోర్డు పేజీలో ఫొటోలు చూసి మనమే అర్థం చేసుకోవాలి, అది మోటు పద్ధతే, కానీ నేను చేసేదీ అదే. బ్రిటన్‌లో ఇంకో దారి, 250 మంది, ఆపైన ఉద్యోగులున్న యజమానులు, సేవా సంస్థలతో సహా, ఆడామగా జీతాల తేడా ఏటా ప్రకటించాలి. మన దగ్గర అలాంటి చట్టం వస్తే వరంగల్ అకౌంటెంటు గారికి పని సులువయ్యేది.

ప్రశ్న: నేను ఎన్జీవోలో జీపు డ్రైవర్‌ని, 14 ఏళ్లుగా. మీరు రాసే డైరెక్టర్లు, మేనేజర్లు కాదు, నా లాంటోడు ఏం చూసుకోవాలి?
(నంద్యాల నుంచి)

జవాబు: నివేదికలో "అందరికన్నా తక్కువ జీతం" అన్న లైను చూశారా అన్నా, చాలా చోట్ల అది మీదో, ఆఫీసు ఊడ్చే ఆవిడదో. ఆ లైను కోసమే నేను నివేదిక తెరుస్తాను.

మీ బేసిక్ 12 వేలు అనుకుంటే 14 ఏళ్లకి గ్రాట్యుటీ సుమారు 96,900. చిన్న మొత్తం కాదు. అయితే కొన్ని చోట్ల డ్రైవర్లనీ వంటవాళ్లనీ పదకొండు నెలలకోసారి ఆపి, వారం పది రోజులు ఇంట్లో కూర్చోబెట్టి, మళ్లీ కొత్త ఆర్డరు ఇస్తారు. ఒక్కోసారి ఈ ఏడాది ట్రస్టు పేరు మీద, వచ్చే ఏడాది అదే ఆఫీసులో ఉన్న సొసైటీ పేరు మీద. అడిగితే మీ సర్వీసు పదకొండు నెలలే అంటారు. అలా బ్రేకులు పెట్టినంత మాత్రాన 14 ఏళ్లు మాయమైపోవు, కానీ మీరు వరసగా పనిచేశారని చూపించేవి కావాలి. లాగ్‌బుక్కులో మీ సంతకాలు, డీజిల్ బిల్లులు, బ్యాంకు పాస్‌బుక్కులో జీతం పడిన తారీఖులు, ఏవి దొరికితే అవి ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. పీఎఫ్ ఖాతాకిచ్చే యూఏఎన్ నంబరు ఉంటే ఉమంగ్ యాప్‌లో మీ పిల్లల చేత పీఎఫ్ పాస్‌బుక్కు తెరిపించి ఏ నెలలు ఖాళీగా ఉన్నాయో చూడమనండి. ఇంట్లో ఎన్ని అపాయింట్‌మెంటు ఆర్డర్లు ఉన్నాయో, వాటి మీద ఏ సంస్థ పేరు, ఏ తారీఖు ఉందో రాసి పంపండి, వచ్చే నెల మీదే మొదటి ఉత్తరం.